టీచర్లను తయారుచేసేవారు ఎలా తయారవుతున్నారు?

బడిలో పిల్లలకు చదువు రావడం లేదన్న వార్త వచ్చిన ప్రతిసారీ అందరి చూపూ ముందు టీచరు మీద పడుతుంది. కాస్త లోతుకు వెళ్లేవారు ఆ టీచరు బీఎడ్ ఎక్కడ చదివారో, ఎలా చదివారో ఆరా తీస్తారు. ఆ బీఎడ్ కాలేజీలో పాఠం చెప్పిన లెక్చరర్ ఎవరు, ఆ పనికి తగిన చదువూ అనుభవమూ వారికి ఉన్నాయా, ఉద్యోగంలో చేరాక కొత్తగా ఏం నేర్చుకున్నారు అని అడిగేవారు మాత్రం అరుదు. ఒక్కో మెథడ్ లెక్చరర్ (ఒక సబ్జెక్టును బడిలో ఎలా బోధించాలో నేర్పేవారు) చేతిమీదుగా ఏటా పదీ ఇరవై మంది టీచర్లు బయటికి వెళ్తారు. వారిలో ఒక్కొక్కరూ ముప్పై ఏళ్లు పాఠం చెబితే ఎంతమంది పిల్లల దాకా ఆ ప్రభావం వెళ్తుందో లెక్క వేస్తే, అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని తెలుస్తుంది.

మన దేశంలో ఈ వ్యవహారాన్ని చూసేది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ. 1973 నుంచి సలహా సంఘంగా ఉన్న ఈ సంస్థకు 1993 చట్టం అధికారాలు ఇచ్చింది. 1995 నుంచి అది చట్టబద్ధ సంస్థగా పనిచేస్తోంది. 2014లో తెచ్చిన నిబంధనలతో ఏడాది బీఎడ్ కాస్తా రెండేళ్లయింది, అధ్యాపకుల లెక్క కూడా మారింది. ఏటా వంద మంది చొప్పున రెండేళ్లకూ కలిపి 200 మంది ఛాత్రోపాధ్యాయులు (బీఎడ్ చదువుతున్న కాబోయే టీచర్లు) ఉన్న కాలేజీలో 16 మంది పూర్తికాలం బోధకులు ఉండాలి. ప్రిన్సిపాల్ ఒకరు, విద్యా తత్వం, మనోవిజ్ఞానం, సమాజశాస్త్రం వంటి పేపర్లు చెప్పేవారు నలుగురు, మెథడ్ సబ్జెక్టులకు ఎనిమిది మంది. మిగిలిన ముగ్గురిలో ఒకరు వ్యాయామ విద్యకు, ఒకరు చిత్రకళకు, ఒకరు సంగీతం, నాట్యం, నాటకం వంటి ప్రదర్శన కళలకు. ఏటా 50 మందినే చేర్చుకునే కాలేజీలో ఆ సంఖ్య ఎనిమిది.

అర్హతలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. మెథడ్ లెక్చరర్‌కు తన సబ్జెక్టులో పీజీ, దానితోపాటు ఎంఎడ్, రెండింటిలోనూ 55 శాతం మార్కులు ఉండాలి. ప్రిన్సిపాల్‌కు వీటికి అదనంగా పీహెచ్‌డీ, ఉపాధ్యాయ విద్యా సంస్థలో ఎనిమిదేళ్ల బోధనానుభవం కావాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనలు వర్తించే చోట లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్, సెట్ లేదా పీహెచ్‌డీ అడుగుతారు. విశ్వవిద్యాలయం ర్యాటిఫికేషన్‌కు, అంటే నియామకాలను ఆమోదించడానికి వచ్చినప్పుడు ఈ సర్టిఫికెట్లన్నీ బల్ల మీద పెట్టాలి.

ఈ జాబితా అంతా చదివాక ఒక లోటు కనిపిస్తుంది. ఇందులో బడి లేదు. డిగ్రీ, బీఎడ్, పీజీ, ఎంఎడ్ వరసగా చదువుకుంటూ వచ్చిన ఒక యువకుడు ఆ మరుసటి నెలలోనే గణిత బోధనా పద్ధతులు చెప్పే లెక్చరర్ కావచ్చు. టీచింగ్ ప్రాక్టీసులో భాగంగా చెప్పిన పాఠాలు తప్ప, ఒక తరగతిని జూన్ నుంచి ఏప్రిల్ దాకా తన బాధ్యతగా నడిపిన అనుభవం అతనికి ఉండనక్కర్లేదు. నిబంధనల్లో ఒక సడలింపు ఉంది. సోషియాలజీ, సైకాలజీ, ఫిలాసఫీల్లో పీజీ చేసి, బీఎడ్ ఉన్నవారిని ఎంఎడ్ లేకపోయినా రెండు పోస్టుల దాకా తీసుకోవచ్చు. అలా వచ్చేవారికి మాత్రం సెకండరీ స్థాయిలో మూడేళ్ల బోధనానుభవం తప్పనిసరి. అంటే బడిలో పనిచేసి ఉండాలన్న షరతు ఎంఎడ్ లేనివారికే పెట్టారు. ఎంఎడ్ ఉంటే బడి తెలిసినట్టే అని నిబంధన అనుకుంటోంది. అలా అనుకోవడానికి ఆధారం లేదు, ఎందుకంటే ఎంఎడ్ కూడా చాలావరకు పుస్తకాలతో, డిజర్టేషన్‌తో నడిచే కోర్సే.

బడి తెలియకపోతే పోయేదేమిటో ఒక్క ఉదాహరణలో చూడవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఒక ఛాత్రోపాధ్యాయురాలు ఆరో తరగతిలో భిన్నాలు చెబుతోందనుకుందాం. 1/4, 1/8 రెండింట్లో ఏది పెద్దదని అడిగితే ఒక పిల్లవాడు 1/8 అంటాడు. ఆమె తప్పని చెప్పి, చేయెత్తిన ఇంకొకరిని అడుగుతుంది, సరైన జవాబు వస్తుంది, పాఠం ముందుకు సాగుతుంది. వెనక బెంచీలో కూర్చుని చూస్తున్న లెక్చరర్ రికార్డులో ఏం రాస్తారు? నల్లబల్ల వినియోగం బాగుంది, కంఠస్వరం స్పష్టంగా ఉంది, ఉపకరణాలు చూపించారు, సమయపాలన పాటించారు అని రాసి సంతకం పెడితే ఆ పూట గడిచిపోతుంది. చాలా రికార్డుల్లో కనిపించే మాటలు ఇవే.

బడిలో కొన్నేళ్లు భిన్నాలు చెప్పిన లెక్చరర్ చూపు మొదట ఆ పిల్లవాడి మీదకు వెళ్తుంది. నాలుగు కంటే ఎనిమిది పెద్దది కాబట్టి 1/8 పెద్దది అనుకోవడం అజాగ్రత్త కాదు. అప్పటిదాకా పూర్ణ సంఖ్యలతో నేర్చుకున్నదాన్ని పిల్లవాడు నిజాయతీగా కొత్త చోట వాడాడు. ఒక కాగితాన్ని నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఎక్కువ వస్తుందా, ఎనిమిది మందికి పంచితేనా అని అడిగి ఉంటే వాడే సరిదిద్దుకునేవాడు. అంతటితోనూ అయిపోదు. ఈ సవరణ నుంచే ఇంకో తప్పు పుడుతుంది. కింద అంకె పెద్దదైతే భిన్నం చిన్నదవుతుందన్న సూత్రం పట్టుకుని, రెండు రోజుల తర్వాత అదే పిల్లవాడు 7/8 కంటే 3/4 పెద్దది అంటాడు. ఇది ముందే ఊహించిన లెక్చరర్, ఆ ఛాత్రోపాధ్యాయురాలితో రేపటి పాఠంలో ఏ జత భిన్నాలు అడగాలో మాట్లాడతారు. అమెరికన్ విద్యా మనోవిజ్ఞానవేత్త లీ షుల్మన్ 1986లో ఈ రకం తెలివికి ప్రత్యేకంగా పేరు పెట్టి, సబ్జెక్టు తెలియడం, బోధనా పద్ధతులు తెలియడం అనే రెండింటికీ మించి ఆ సబ్జెక్టును ఫలానా పిల్లలకు ఎలా అందించాలో తెలియడం ఉంటుందని చెప్పారు. అది గణితం పీజీలో రాదు, ఎంఎడ్‌లో అంతకంటే రాదు. పిల్లల నోట్సులు దిద్దుతూ, వారి జవాబులు వింటూ ఏళ్ల తరబడి పోగుపడుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన లోపం కూడా కాదు. దేశంలో విద్యను సమీక్షించిన 1964-66 నాటి కొఠారి కమిషన్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు విశ్వవిద్యాలయాలకు, బడులకు, తమలో తాము ఒకదానికొకటి దూరంగా ఉండిపోయాయని చెప్పింది. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా ఈ మూడు దూరాల్లో బడికి ఉన్న దూరమే అన్నిటికంటే మొండిది.

నిబంధన ప్రకారం అర్హతలున్న 16 మంది నిజంగా ఉంటే ఇంకా ఎంతో కొంత సాధ్యమే. రెండేళ్ల బీఎడ్‌లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉంది. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. రెండో ఏడాదిలో వంద మంది ఉన్న కాలేజీలో ఒక్కొక్కరి పాఠాన్ని ఆ 16 వారాల్లో అయిదుసార్లు చూడాలనుకుంటే మొత్తం 500 పాఠాలు చూడాలి. ఎనిమిది మంది మెథడ్ లెక్చరర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి వారానికి నాలుగు పడతాయి. చూసి, తర్వాత కూర్చుని మాట్లాడటానికి వీలైన పని. అదే ముగ్గురే ఉంటే వారానికి పదికి పైగా. పాఠశాలలు ఒక్కోటి ఒక్కో మూల ఉంటాయి, ఇటు మొదటి ఏడాది వారికి క్లాసులు ఉంటాయి. అప్పుడు జరిగేది ఒక్కటే, బడికి వెళ్లకుండా రికార్డుల మీద సంతకాలు పెట్టడం.

ఎనిమిది మంది ఉండాల్సిన చోట ముగ్గురు ఉండటం ఊహ కాదని ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. కాగితం మీద పేరు ఒకరిది, క్లాసులో మనిషి మరొకరు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే కనిపించే డమ్మీ ఫ్యాకల్టీ. ఒకే సర్టిఫికెట్‌ను రెండు మూడు కాలేజీల్లో చూపించడం. జీతం బ్యాంకు ఖాతాలో వేయాలని ఎన్‌సీటీఈ నిబంధన ఉన్నా, వేసిన జీతంలో కొంత వెనక్కి తీసుకుంటారన్న ఫిర్యాదులు ఆగలేదు. ఉపాధ్యాయ విద్యపై సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికను 2020 జాతీయ విద్యా విధానం గుర్తుచేస్తూ, విడిగా నడిచే ఉపాధ్యాయ విద్యా సంస్థల్లో పదివేలకు పైగా అసలు శిక్షణ ఇచ్చే ప్రయత్నమే చేయకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని నేరుగా రాసింది. ప్రభుత్వ విధాన పత్రంలో ఇంత కటువైన వాక్యం కనిపించడం మామూలు విషయం కాదు. ఆ కాలేజీల్లో పనిచేస్తున్న లెక్చరర్లందరినీ దీనికి బాధ్యులను చేయడం మాత్రం అన్యాయం. ఏడాది చివర్లో ఉంటారో ఊడతారో తెలియని ఉద్యోగంలో, స్కూల్ అసిస్టెంట్ జీతంలో సగం కూడా రాని చోట, పెళ్లాం పిల్లలతో నెట్టుకొస్తూ పాఠం బాగా చెప్పాలని తపించే లెక్చరర్లు చాలామంది ఉన్నారు. డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చిందంటే వారిలో మంచివారు ముందుగా వెళ్లిపోతారు. కాలేజీకి అది నష్టమే, కానీ వెళ్లిన మనిషిని తప్పుపట్టలేం.

వైవిధ్యం మాటకొస్తే, ఆ 16 మంది కూర్పులోనే ఒక మంచి ఆలోచన ఉంది. చిత్రకారుడు, సంగీతమో నాటకమో తెలిసినవారు, వ్యాయామ విద్య చదివినవారు, సమాజశాస్త్రం చదివినవారు ఒకే స్టాఫ్‌రూమ్‌లో ఉండాలి. సైన్సు మెథడ్ చెప్పే ఆవిడ, నాటకం తెలిసిన ఆయన కలిసి ఒక పాఠం తయారుచేస్తే అది ఎలా ఉంటుందో చూసి నేర్చుకునే అవకాశం ఛాత్రోపాధ్యాయులకు ఉండాలి. ఆచరణలో ఖాళీగా ఉండే పోస్టుల్లో ముందుండేవి ఈ కళల పోస్టులే. ఆ పేపర్లను ఎవరో ఒకరికి అంటగట్టి, చార్టులు, రంగు కాగితాల పనితో సరిపెడతారు. జాతీయ విద్యా విధానం కూడా విద్యా శాఖల్లో బోధకులు రకరకాల నేపథ్యాల నుంచి రావాలని, బోధన, క్షేత్రస్థాయి, పరిశోధన అనుభవాలకు ఎంతో విలువ ఇవ్వాలని అంటుంది. భాషాశాస్త్రం, శిశు వికాసం, ఆర్థికశాస్త్రం చదివినవారి దాకా ఆ జాబితా వెళ్తుంది.

అయితే వైవిధ్యం అనగానే సబ్జెక్టుల దగ్గర ఆగిపోతే సగం విషయం వదిలేసినట్టే. రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లో తెలుగు ఇంటి భాష కాని పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఉట్నూరు వైపు గోండి, భద్రాచలం, చింతూరు వైపు కోయ, సీతంపేట కొండల్లో సవర, ఎన్నో తండాల్లో లంబాడీ, పట్టణాల్లో ఉర్దూ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కొన్ని గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి, ఇంటి భాషతో మొదలుపెట్టి తెలుగులోకి తీసుకెళ్లే ప్రయత్నం జరిగింది. తెలుగు మెథడ్ పేపర్లో మాత్రం పిల్లలందరికీ తెలుగు ముందే వచ్చినట్టుగానే పాఠం నడుస్తుంది. కోయ ఇంటి నుంచి వచ్చిన పాప ఒకటో తరగతిలో వారాల తరబడి మాట్లాడకపోతే, అది మొద్దుతనం కాదని, వింటున్న భాషను కూడగట్టుకుంటోందని కాబోయే టీచరుకు చెప్పేదెవరు? తానే అలాంటి బడిలో చదువుకుని, తెలుగు ఆలస్యంగా నేర్చుకుని, లెక్చరర్ అయిన మనిషి స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరున్నా ఆ మాట పేపర్లో లేకపోయినా క్లాసులోకి వస్తుంది. వారిని చూసిన గిరిజన ఛాత్రోపాధ్యాయులకు వచ్చే ధైర్యం వేరే సంగతి, అదీ చిన్నది కాదు.

ఇదే మాట దళిత లెక్చరర్ల విషయంలోనూ, వైకల్యం ఉన్న లెక్చరర్ల విషయంలోనూ చెప్పవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సమ్మిళిత విద్యను హక్కుగా గుర్తించింది. బీఎడ్‌లో దానికో పేపర్ ఉంది. చూపు లేని లెక్చరర్ ఒకరు తరగతిని ఎలా నడుపుతారో, బోర్డు మీద రాసిందాన్ని పైకి చదవమని అందరికీ ఎలా అలవాటు చేస్తారో ఒక సెమిస్టర్ చూసినవారికి ఆ పేపర్ వేరేగా అర్థమవుతుంది. ప్రభుత్వ కాలేజీల్లో నియామకాలకు రిజర్వేషన్ రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికో చెప్పే వరస) ఉంటుంది. ప్రైవేటు కాలేజీల్లో ఎవరిని తీసుకోవాలన్నది చాలావరకు యాజమాన్యం ఇష్టం, పరిచయాలు, బంధుత్వాలు. వర్మ కమిషన్ నాటికే ఉపాధ్యాయ విద్యా సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటువి కాబట్టి, రోస్టర్ ఒక్కదానితో ఈ వైవిధ్యం రాదు.

ఇక అధ్యాపకుల అభివృద్ధి. ఇక్కడ కార్యక్రమాలకు కొరత లేదు. ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఓరియంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు నడిపిన కేంద్రాలు ఇప్పుడు మాలవీయ మిషన్ పేరుతో కొనసాగుతున్నాయి. ఆన్‌లైన్ కోర్సులకు స్వయం పోర్టల్ ఉంది. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ ప్రాంతీయ విద్యా సంస్థ దక్షిణాది రాష్ట్రాల కోసం 1963 నుంచీ ఉంది. కోవిడ్ తర్వాత వారం రోజుల ఆన్‌లైన్ ఎఫ్‌డీపీలు (అధ్యాపక అభివృద్ధి కార్యక్రమాలు) ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి. వీడియో ఆఫ్‌లో పెట్టి, చివర్లో గూగుల్ ఫారం నింపితే సర్టిఫికెట్ మెయిల్‌కు వచ్చేస్తుంది. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ గుర్తింపు కోసం కాలేజీ నింపే నివేదికలో ఎంతమందికి పీహెచ్‌డీ ఉంది, ఎంతమంది ఎన్ని ఎఫ్‌డీపీలకు వెళ్లారు, సగటు అనుభవం ఎన్నేళ్లు అనే గడులు ఉంటాయి. లెక్క పెట్టడానికి వీలైన వాటినే లెక్క పెట్టడం సహజం. కానీ లెక్క పెట్టేదే పెరుగుతుంది. అందుకే సర్టిఫికెట్లు పెరిగాయి, పాఠం చూసి మాట్లాడుకోవడం పెరగలేదు.

పీహెచ్‌డీల సంగతీ అంతే. విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ పట్టుదలతో చేస్తే గొప్ప విషయమే. కానీ ఫలానా జిల్లా టీచర్ల వృత్తి సంతృప్తి, ఫలానా జిల్లా విద్యార్థుల టెన్షన్ అంటూ ఒకే రకం ప్రశ్నావళి పంచి, పట్టికలు వేసి ముగించే పరిశోధనలు ఎన్ని వచ్చినా, భిన్నాల దగ్గర తడబడిన ఆ పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. ఆరో తరగతి పిల్లలు 1/4, 1/8లను పోల్చేటప్పుడు ఏమనుకుంటారో నలభై మందిని కూర్చోబెట్టి అడిగి, రాసి, వర్గీకరించిన చిన్న పని బీఎడ్ కాలేజీకి అంతకంటే ఎన్నో రెట్లు ఉపయోగం. మెథడ్ క్లాసులో మరుసటి రోజే వాడుకోవచ్చు.

నిజంగా పనికొచ్చే అభివృద్ధికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. జపాన్ బడుల్లో వందేళ్లకు పైగా ఉన్న ఒక అలవాటు ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగిలినవారు పిల్లల్ని గమనిస్తారు, తర్వాత కూర్చుని మాట్లాడి ఆ పాఠాన్ని మార్చి మళ్లీ చెబుతారు. ఇందులో చెప్పేవారి మీద తీర్పు ఉండదు, పాఠం మీదే చర్చ. బీఎడ్ కాలేజీలో దీన్ని మొదలుపెట్టాలంటే ఇంటర్న్‌షిప్ నడిచే బడి ఒకటి, అక్కడి సబ్జెక్టు టీచరు ఒకరు, మెథడ్ లెక్చరర్లు ఇద్దరు, ముగ్గురు ఛాత్రోపాధ్యాయులు చాలు. ఒక షరతు ఉంది. మొదటి పాఠం లెక్చరరే చెప్పాలి. తమకు మెథడ్ చెప్పిన మేడమ్ ఏడో తరగతి పిల్లల ముందు నిలబడి, ఒక ప్రశ్న పారక, దాన్ని అక్కడికక్కడే మార్చి అడగడం చూసిన ఛాత్రోపాధ్యాయులు, నూరు సూక్ష్మబోధన (కొద్దిమంది ముందు చిన్న పాఠం చెప్పే సాధన) రికార్డులు రాసినా నేర్చుకోలేనిది ఆ గంటలో నేర్చుకుంటారు. లెక్చరర్లు దీనికి జంకుతారు, అది అర్థం చేసుకోదగ్గదే. ఏళ్ల తరబడి బడి మొహం చూడని మనిషిని ఒక్కసారిగా అందరి ముందూ నిలబెట్టడం కష్టం. అందుకే ముందు ఏడాదికి కొన్ని వారాలు బడిలో ఒక తరగతి బాధ్యత తీసుకోవడం డ్యూటీలో భాగం కావాలి, ఆ రోజులు వర్క్‌లోడ్‌లో చేరాలి. అటు నుంచి, బాగా పాఠం చెబుతారని పేరున్న స్కూల్ అసిస్టెంట్లు ఏడాదో రెండేళ్లో డిప్యుటేషన్ మీద బీఎడ్ కాలేజీకి వచ్చి వెళ్లే ఏర్పాటు ఉండాలి. ప్రభుత్వ కాలేజీల్లో ఇది వెంటనే చేయగలిగిన పని.

2030 నాటికి బడి టీచరుకు కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత బీఎడ్ కావాలని జాతీయ విద్యా విధానం లక్ష్యం పెట్టుకుంది. ఐటెప్ పేరుతో 2023-24లో 57 సంస్థల్లో అది ప్రయోగాత్మకంగా మొదలైంది. విడిగా నడిచే బీఎడ్ కాలేజీల స్థానంలో అనేక శాఖలున్న డిగ్రీ కాలేజీలు, విశ్వవిద్యాలయాలు రావాలన్నది దాని ఉద్దేశం. డమ్మీ ఫ్యాకల్టీ సమస్య కొంత తగ్గవచ్చు. ఫిజిక్స్ చెప్పడానికి ఫిజిక్స్ చదివిన అసలైన అధ్యాపకుడే దొరుకుతాడు. బడికి ఉన్న దూరం మాత్రం తగ్గదు, ఇంకో వైపు నుంచి కొంత పెరుగుతుంది కూడా. ఎంఎడ్ చేసిన లెక్చరర్‌కు టీచింగ్ ప్రాక్టీసన్నా ఉంది. ఫిజిక్స్ పీహెచ్‌డీకి పదో తరగతి పాఠ్యపుస్తకం తెరిచి చూడాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. ఇద్దరూ విడివిడి గదుల్లో విడివిడి పేపర్లు చెప్పుకుంటే, నాలుగేళ్ల కోర్సు పేరుకే సమీకృతం అవుతుంది. కాంతి వక్రీభవనం పాఠాన్ని ఇద్దరూ కలిసి తయారుచేసి, దగ్గర్లోని ఉన్నత పాఠశాలలో కలిసి చెప్పి రావడానికి టైమ్‌టేబుల్‌లో వారానికి ఒక పూట కేటాయించడం కొత్త కోర్సు నియమావళి రాసేటప్పుడే జరగాలి. కోర్సు కుదురుకుని, వర్క్‌లోడ్‌లు ఖాయమైపోయాక ఆ పూటను ఎవరూ వదులుకోరు.